మంచు వాలు ఎక్కే స్కీలు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

గత సంచికలో కశ్మీర్‌లోని గుల్‌మార్గ్, ఉత్తరాఖండ్‌లోని ఔలి ప్రాంతాల క్రాస్‌కంట్రీ స్కీయింగ్ (ఎత్తుపల్లాల మంచు నేల మీద స్కీలతో నడుస్తూ, జారుతూ సాగడం) గురించి రాసినప్పుడు, ఎత్తు ఎక్కడానికి స్కీల అడుగున అంటించుకునే క్లైంబింగ్ స్కిన్లను ఒక్క వాక్యంలో ప్రస్తావించి ఊరుకున్నాము. ఆ ఒక్క వాక్యం మీదే ఒడిశా, మహారాష్ట్ర సరిహద్దు జిల్లాల తెలుగు పాఠకుల నుంచి ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. ఒకే సంగతి అడిగినవాటిని కలిపి, ముఖ్యమైనవాటికి ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము.

ప్రశ్న: మేము ముగ్గురు ఉపాధ్యాయులం. వచ్చే ఫిబ్రవరిలో గుల్‌మార్గ్ వెళ్ళి, స్కీయింగ్ నేర్చుకున్నాక చుట్టుపక్కల అడవి దారుల్లో తిరగాలని అనుకుంటున్నాము. స్కీ మొత్తం పొడవునా ఉండే స్కిన్లు కొనాలా, పొట్టివి సరిపోతాయా? అసలు ఇవి ఎలా పనిచేస్తాయి? (ఒక ఉపాధ్యాయుడు, రాయగడ)

సమాధానం: పనితీరు తెలిస్తే ఎంపిక సులువవుతుంది. స్కిన్ అంటే ఒక వైపు జిగురు, రెండో వైపు పొట్టి నూగు ఉన్న పొడవాటి గుడ్డ పట్టీ. ఆ నూగు వెంట్రుకలన్నీ స్కీ వెనుక కొస వైపు వాలి ఉంటాయి. స్కీని ముందుకు నెట్టినప్పుడు అవి పడుకుని మంచు మీద జారతాయి; కాలి మీద బరువు వేసినప్పుడు స్కీ వెనక్కి జారబోతే లేచి మంచులో గుచ్చుకుంటాయి. చిన్నతనంలో మీసాల గడ్డికంకిని చొక్కా చేతిలో దూర్చుకున్నవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. అది పైకి పాకుతుందే తప్ప వెనక్కి రాదు. అయితే నూగు ముందుకు జారడం కూడా నున్నటి స్కీ అడుగు జారినంతగా ఉండదు. పట్టు పెరిగినకొద్దీ జారుడు తగ్గుతుంది. స్కిన్ల ఎంపిక యావత్తూ ఈ రెండింటి మధ్య కుదుర్చుకునే బేరమే.

ఎత్తైన కొండల మీద స్కీయింగ్ చేసేవారికి ఎక్కడం ఒక పని, దిగడం మరొక పని. వారు పూర్తి పొడవు స్కిన్లు అంటించి గంటలకొద్దీ ఎక్కుతారు, పైన పీకి మడిచి సంచిలో పెట్టుకుని దిగుతారు. క్రాస్‌కంట్రీలో చిన్న ఎక్కుడు, కొంత చదును, మళ్ళీ చిన్న దిగుడు ఒకదాని వెంట ఒకటి వస్తూనే ఉంటాయి కనుక, ప్రతిసారీ ఆగి స్కిన్లు పీకడం, అంటించడం సాగే పని కాదు. అందుకే వీరికోసం పాదం కింది భాగానికి, దానికి కొంచెం ముందు వెనుకలకు మాత్రమే అంటే పొట్టి స్కిన్లు వచ్చాయి. క్రాస్‌కంట్రీ స్కీ మధ్యభాగం విల్లులా కొంత పైకి వంగి ఉంటుంది. రెండు కాళ్ళ మీద సమంగా నిలబడి జారుతున్నప్పుడు ఆ మధ్యభాగం మంచును గట్టిగా అదమదు కాబట్టి పొట్టి స్కిన్ పెద్దగా అడ్డుపడదు. ఒక కాలి మీద బరువంతా వేసి తన్నినప్పుడు అది నేలకు ఆని పట్టు ఇస్తుంది. పూర్తి పొడవు స్కిన్‌కు ఈ సౌలభ్యం లేదు.

మీరు చెప్పిన తిరుగుడుకు పొట్టివే చాలునని నా అభిప్రాయం. సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉన్న గుల్‌మార్గ్ మైదానంలో నేర్చుకునే రోజుల్లో అవి కూడా అక్కరకు రావు. అడవి దారుల్లోకి మళ్ళినప్పుడే వాటి విలువ తెలుస్తుంది. గొండోలా అనే తీగ బండి వెళ్ళే అఫర్వాట్ కొండ వాలులు వేరే సంగతి. అవి సన్నటి క్రాస్‌కంట్రీ స్కీలకు చెందిన నేల కాదు. పూర్తి పొడవు స్కిన్ కావలసింది ఎవరికంటే, గంటల తరబడి తెరిపి లేని ఎక్కుడు ఉన్నవారికి, లేదా వెనుక సామాను బండి లాక్కుంటూ వెళ్ళేవారికి.

కొనేముందు మీ స్కీ వెడల్పు, ముందు కొస ఆకారం చూసుకోవాలి. పొట్టి స్కిన్లు సాధారణంగా స్కీ కంటే సన్నగా, 30 నుంచి 45 మిల్లీమీటర్ల వెడల్పున వస్తాయి, వాటిని కత్తిరించనక్కరలేదు. పూర్తి స్కిన్‌ను మాత్రం స్కీ వంపును అనుసరించి కత్తిరించుకోవాలి. అలా కత్తిరించేటప్పుడు రెండు వైపులా ఉక్కు అంచు బయటపడేలా సుమారు 2 మిల్లీమీటర్లు వదలాలి, లేకపోతే గట్టి మంచు మీద అడ్డంగా నడిచేటప్పుడు అంచు పట్టవలసిన చోట నూగు అడ్డుపడి కాలు పక్కకు జారుతుంది. నార్వేకు చెందిన ఓస్నెస్, ఆస్ట్రియాకు చెందిన ఫిషర్ వంటి సంస్థలు తమ స్కీలకు స్కిన్ తగిలించడానికి తామే ప్రత్యేకమైన బిగింపు పెడతాయి. అందువల్ల స్కీ ఏదో తేలకముందే స్కిన్ కొనడం డబ్బు దండగ.

ప్రశ్న: మా ఇంట్లో తరతరాలుగా మగ్గం పని. ఇప్పుడు టెర్రీ తువ్వాళ్ళు నేస్తున్నాము. స్కిన్ అంటున్నారు కదా, ఇది జంతువు తోలా? మేము శాకాహారులం, తోలు వస్తువులు వాడము. నేసినదైతే ఎలా నేస్తారు? మోహెయిర్, నైలాన్ అని రెండు రకాలు కనబడుతున్నాయి, వాటిలో ఏది మేలు? (ఒక పాఠకురాలు, సోలాపూర్)

సమాధానం: పూర్వం అది తోలే. ఉత్తర ఐరోపాలో సీల్ అనే సముద్ర జంతువు చర్మం వాడేవారు. ఆల్టాయ్ పర్వతాల్లో స్కీల అడుగున గుర్రపు తోలును వెంట్రుకలు వెనక్కి వాలేలా బిగించుకునేవారు ఈనాటికీ ఉన్నారు. కానీ ఇప్పుడు దుకాణాల్లో దొరికేది నేసిన గుడ్డ. మోహెయిర్ అనేది అంగోరా మేక ఒంటి మీద పెరిగే బొచ్చు. దాన్ని కత్తిరించి తీస్తారు కాబట్టి మేకను చంపవలసిన అవసరం లేదు. అది కూడా వద్దనుకుంటే పూర్తి నైలాన్ రకం ఉంది.

నేత విషయం మీకు నేను చెప్పవలసినంతగా లేదు. తువ్వాలులో పైకి లేచే పోగులు ఉచ్చులుగా, తెగకుండా ఉంటాయి. స్కిన్‌లో మఖమల్ పద్ధతిలో ఆ పోగులను కోస్తారు, ఆపైన కొసలన్నీ ఒకే దిక్కుకు వాలేలా స్థిరపరుస్తారు. వెనుక వైపు పూత వేసి దాని మీద జిగురు పరుస్తారు. కత్తిరించిన అంచున పోగులు ఊడకుండా ఆపేది ఆ పూతే. పాత స్కిన్ అంచు చీకిపోయి పోగులు లేస్తుంటే పూత దెబ్బతిన్నదని అర్థం చేసుకోవచ్చు.

మోహెయిర్ తేలిక, బాగా జారుతుంది, చిన్నగా మడతపడుతుంది, కానీ రాళ్ళు తగిలితే త్వరగా అరిగిపోతుంది. నైలాన్ మన్నిక ఎక్కువ, పట్టు ఎక్కువ, అయితే బరువుగా ఉండి నిదానంగా జారుతుంది. ఈ రెండూ కలిపిన రకంలో మోహెయిర్ 65 లేదా 70 శాతం, మిగతాది నైలాన్ ఉండటం మామూలు. మొదటిసారి కొనేవారికి నేను కలిపిన రకమే చెబుతాను. మార్చి నెలాఖరులో ఔలిలో మంచు పలచబడి గడ్డి, రాయి బయటపడే రోజులకు మాత్రం నైలాన్ మేలు. మీ నియమానికీ అదే సరిపోతుంది కనుక దాన్నే తీసుకోండి. కాస్త నెమ్మదిగా జారడం వల్ల కొత్తవారికి నష్టం కంటే మేలే ఎక్కువ.

ప్రశ్న: నార్వేలో ఉద్యోగం చేసే మా పెద్దబ్బాయి వాడిన స్కీలు, స్కిన్లు రెండేళ్ళ కిందట ఇంటికి తెచ్చి పెట్టాడు. వాటిని అటక మీద పెట్టాము. ఈ వేసవి తరువాత తీసి చూస్తే స్కిన్లు ఒకదానికొకటి అతుక్కుపోయి, లాగితే జిగురు తీగలు సాగుతున్నది. బాగు చేయవచ్చా? (ఒక విశ్రాంత రైల్వే ఉద్యోగి, బల్లార్‌పూర్)

సమాధానం: స్కిన్‌లో ముందుగా పాడయ్యేది నూగు కాదు, జిగురు. మంచులో గడ్డకట్టినా అంటుకునేలా చేసిన జిగురు అది. చంద్రపూర్ జిల్లాలో మే నెల అటక మీద ఉండే వేడికి తయారు చేసినది కాదు. బయట 45 డిగ్రీలు దాటిన రోజున రేకుల కింద, పెంకుల కింద వేడి ఇంకెంత ఉంటుందో మీకు తెలియనిది కాదు. ఆ వేడికి జిగురు కరిగి పాకుతుంది, గుడ్డలోకి ఇంకుతుంది, ఎదురు పొరను పట్టుకుంటుంది.

ముందు వాటిని విడదీయాలి. వేడిగా ఉన్నప్పుడు లాగకండి. గాలి చొరని సంచిలో పెట్టి ఫ్రిజ్‌లో కొన్ని గంటలు ఉంచి, చల్లగా ఉండగానే ఒక కొస నుంచి మెల్లగా, పట్టీని దాని మీదికే మడుస్తూ విడదీయండి. విడిపోయాక జిగురు వైపు వేలితో నొక్కి చూడండి. వేలికి అంటుకున్నట్టు ఉండాలి కానీ వేలు తీశాక మరక మిగలకూడదు. మరక మిగలకపోతే ఆ స్కిన్ బతికే ఉంది. జిగురు వేలికి తీగలా వస్తున్నా, కొన్నిచోట్ల గుడ్డ బయటపడి కొన్నిచోట్ల ముద్దలు కట్టినా, పాతదంతా తీసి కొత్తది వేయక తప్పదు.

తీసే పద్ధతి ఇది. స్కిన్‌ను జిగురు పైకి ఉండేలా బల్ల మీద పరిచి కొసలు బిగించి, దాని మీద గోధుమరంగు దళసరి కాగితం వేసి ఇస్త్రీపెట్టెతో ఒక్కో జానెడు మేర వేడి చేయాలి. జిగురు కాగితంలోకి ఎక్కుతుంది. వేడి ఆరకముందే కాగితాన్ని లాగేస్తే చాలావరకు వచ్చేస్తుంది, మిగిలినది గరిటె అంచు వంటిదానితో గీకాలి. పెట్టె వేడి ఎక్కువైతే నైలాన్ నూగు కరిగిపోతుంది కనుక తక్కువ వేడితో మొదలుపెట్టండి. కిటికీలు తెరిచి ఉంచండి. తరువాత స్కిన్ల కోసమే అమ్మే జిగురును, అది ట్యూబులో వచ్చినదైనా, అంటించి వదిలించే కాగితపు పట్టీగా వచ్చినదైనా, పలచగా సమంగా పరిచి ఒక రోజు ఆరనివ్వాలి. చెప్పులకు వాడే జిగురు, చెక్క పని జిగురు వంటివి దగ్గరికి రానివ్వవద్దు. అవి స్కీ అడుగుకు శాశ్వతంగా అతుక్కుంటాయి, లేదా చలికి పెళుసుబారి ఊడిపోతాయి.

ఇక ముందు దాచేటప్పుడు స్కిన్లు పూర్తిగా ఆరాక, కొన్నప్పుడు వాటితో వచ్చిన వలగుడ్డను జిగురు మీద పరిచి, సంచిలో పెట్టి, ఇంట్లో అన్నిటికంటే చల్లని గదిలో ఉంచండి. మన ప్రాంతాల్లో వేసవి నాలుగు నెలలు ఫ్రిజ్ కింది అరలో పెట్టడమే క్షేమం. ఇంట్లో ఆడవాళ్ళు ఊరుకోరని మీరు అనవచ్చు. గాలి చొరని డబ్బాలో పెడితే వాసన రాదు. ఏడాదికి ఒక్కసారి హిమాలయాలకు వెళ్ళేవారు ఈ బాధ పడేకంటే స్కిన్లు అక్కడే అద్దెకు తీసుకోవడం మంచిదని కూడా చెప్పక తప్పదు.

ప్రశ్న: కిందటేడు ఔలిలో ఉదయం బాగా నడిచిన స్కీలు, మధ్యాహ్నం దేవదారు చెట్ల నీడలోకి వెళ్ళేసరికి కదలలేదు. స్కిన్ కింద నాలుగు వేళ్ళ మందాన మంచు పేరుకుంది. గైడు కర్రతో కొట్టి రాల్చినా మళ్ళీ పేరుకుంది. ఎందుకు? (ఒక కళాశాల విద్యార్థిని, పర్లాకిమిడి)

సమాధానం: ఎండ తగిలిన మంచులో నడిచినప్పుడు నూగు తడిసింది. ఆ తడితో నీడలోని చల్లటి పొడి మంచులోకి అడుగుపెట్టగానే నీరు గడ్డకట్టి, దానికి మంచు అంటుకుని, దాని మీద మళ్ళీ మంచు పేరుకుంది. రాల్చినంత మాత్రాన పోదు, ఎందుకంటే నూగు మొదళ్ళలో గడ్డకట్టిన పొర అలాగే ఉంటుంది.

దీనికి మందు ముందురోజు రాత్రే వేయాలి. పొడిగా ఉన్న స్కిన్ నూగు మీద స్కిన్ మైనాన్ని ముందు నుంచి వెనక్కి, అంటే నూగు వాలిన దిక్కుకే, గట్టిగా రుద్దాలి. ఎదురు రుద్దితే మైనం మొదళ్ళలో ఉండలు కట్టి పట్టు పోతుంది. సరిగా పట్టిన మైనం నూగును నీటిని పీల్చనివ్వదు. పరీక్షగా ఒక నీటి చుక్క వేసి చూడండి. ముత్యంలా నిలిచి దొర్లిపోతే సరిపోయినట్టే, ఇంకిపోతే మళ్ళీ రుద్దాలి. ఒక చిన్న మైనపు ముక్క జేబులో ఉండాలి. దారిలో పేరుకున్నప్పుడు ముందుగా స్కీ అంచుతోనో గీకుడు పలకతోనో గడ్డను పూర్తిగా తీసి, నూగును వీలైనంత ఆరబెట్టి, అప్పుడు రుద్దాలి. మరో ఉపాయం ఏమిటంటే, ఎండ నుంచి నీడలోకి మారేచోట స్కీని పైకి ఎత్తకుండా మంచుకు రాస్తూ నాలుగడుగులు ఈడ్చి నడవడం. దానితో తడి కొంత తుడుచుకుపోతుంది.

పాత మైనాలలో, పిచికారీలలో ఫ్లోరిన్ సమ్మేళనాలు ఉండేవి. వాటిని అంతర్జాతీయ స్కీ సమాఖ్య 2023-24 సీజన్ నుంచి పోటీల్లో పూర్తిగా నిషేధించింది. పర్యావరణంలో అవి విచ్ఛిన్నం కాకుండా మిగిలిపోతాయి కనుక పోటీలో లేనివారు కూడా ఫ్లోరిన్ లేనివే కొనడం ఉచితం.

ప్రశ్న: స్కీలతోనే నూగు అమర్చి వచ్చేవి ఉన్నాయట కదా, అవి కొంటే ఈ అంటించే గొడవ తప్పుతుందా? (ఒక వ్యాపారి, జయపురం)

సమాధానం: తప్పుతుంది, కానీ అవి యంత్రంతో దారి చదును చేసి గాళ్ళు తీసిన చోట వాడడానికి తయారైనవి. పాదం కింద సన్నటి మోహెయిర్ పట్టీ ఒకటో రెండో స్కీలోనే పొదిగి ఉంటాయి. కొన్ని రకాల బైండింగులను (బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపులను) ముందుకు జరిపితే పట్టు, వెనక్కి జరిపితే జారుడు పెరుగుతుంది. మన దేశంలో అలా చదును చేసిన క్రాస్‌కంట్రీ దారులు అరుదు. అడవిలో తిరగడానికైతే వెడల్పాటి టూరింగ్ స్కీ, విడి స్కిన్ కొనండి.

ప్రశ్న: మా అమ్మాయి సైన్యంలో చేరాలని సాహస శిబిరాలకు వెళ్తున్నది. స్కిన్లు అంటించినా వాలు మీద వెనక్కి జారిపోతున్నానని ఫోనులో చెప్పింది. స్కిన్లలో లోపమా, నేర్పులో లోపమా? అంటించేటప్పుడు పాటించవలసినవి కూడా చెప్పండి. (ఒక తల్లి, సిరొంచ)

సమాధానం: అమ్మా, చాలాసార్లు అది నిలబడే తీరులోని లోపమే. వాలు ఎక్కువైనకొద్దీ భయంతో ఒళ్ళు ముందుకు వంగుతుంది, బరువు మునివేళ్ళ మీదికి పోతుంది, మడమ కింద నూగు మంచును వదిలేస్తుంది. నిటారుగా నిలబడి, బరువు పాదమంతటా, ముఖ్యంగా మడమ మీద పడేలా అడుగు వేయమనండి. స్కీని ఎత్తకూడదు, ఈడ్చాలి. అడుగులు చిన్నవిగా ఉండాలి. జారుతుందనిపించిన క్షణంలో స్కీని మంచులోకి ఒక్కసారి అదిమితే నూగు పట్టుకుంటుంది. అప్పటికీ జారుతుంటే నేరుగా ఎక్కడం మాని వాలుకు అడ్డంగా వంకరదారిలో ఎక్కాలి. పొట్టి స్కిన్ అయితే ఈ మలుపు మరీ ముందుగా అవసరమవుతుంది.

అంటించే ముందు స్కీ అడుగును పొడిగుడ్డతో తుడవాలి. అక్కడ నీటి బొట్టు ఉన్నా, మంచు పొడి ఉన్నా జిగురు పట్టదు. క్రాస్‌కంట్రీవారు పాదం కింద పట్టు కోసం పూసే మైనం ఉన్నచోట స్కిన్ అసలు అంటించకూడదు. ఆ మైనం జిగురులో కలిసి రెండూ చెడతాయి. దాన్ని ముందే గీకి తుడవాలి. ముందు కొస కొక్కెం తగిలించి, పట్టీని నిటారుగా లాగిపట్టి, మధ్యగీత తప్పకుండా అరచేత్తో ముందు నుంచి వెనక్కి రుద్దుతూ అదమాలి. పీకిన తరువాత మంచు మీద పడేయకుండా జిగురును జిగురుకు ఆనించి మడిచి, చలి తీవ్రంగా ఉంటే కోటు లోపల పెట్టుకోవాలి. ఒంటి వేడికి జిగురు మెత్తగా ఉంటుంది. రాత్రి పొయ్యి దగ్గర, హీటరు మీద ఆరబెట్టవద్దు. గదిలో తాడు మీద వేలాడదీస్తే చాలు. సంచిలో రెండు రబ్బరు పట్టీలు ఉంటే, జిగురు పూర్తిగా మొరాయించిన రోజున స్కిన్‌ను స్కీకి కట్టుకుని ఇల్లు చేరవచ్చు.

ఇంకొక మాట. స్కిన్లు ఉంటే ఎంత వాలైనా ఎక్కవచ్చునన్న ధీమా పిల్లలకు కలుగుతుంది. మంచు చరియలు ఎక్కువగా విరిగిపడేది 30 నుంచి 45 డిగ్రీల వాలులలోనే. చండీగఢ్‌లోని రక్షణ పరిశోధన సంస్థ డీజీఆర్‌ఈ జారీ చేసే మంచు చరియల హెచ్చరికలను చూడకుండా, శిక్షకుడు లేకుండా అలాంటి వాలు మీదికి వెళ్ళవద్దని గట్టిగా చెప్పండి.

ప్రశ్న: అద్దెకు తీసుకునేటప్పుడు ఏమి చూసుకోవాలి? స్కిన్లు ఉండగానే కిందికి దిగవచ్చా? (ఒక బ్యాంకు ఉద్యోగి, బరంపురం)

సమాధానం: దిగవచ్చు. పొట్టి స్కిన్లతో దిగడం కొత్తవారికి బ్రేకులా సాయపడుతుంది. పూర్తి స్కిన్లతో అయితే స్కీ హఠాత్తుగా ఆగి మనిషి ముందుకు బోర్లా పడే ప్రమాదం ఉంది కాబట్టి మోకాళ్ళు వంచి, ఒక పాదం ముందు ఒక పాదం వెనుక ఉంచి, తిన్నగా మాత్రమే దిగాలి.

అద్దె దుకాణంలో స్కిన్లను చేతికిచ్చి తొందరపెడతారు, మీరు తొందరపడకండి. అక్కడే స్కీకి అంటించమని అడగండి. అంటించాక వెనుక కొస పట్టుకుని పైకి లాగండి. తేలిగ్గా లేచివస్తే వేరే జత అడగాలి. నూగు మీద వెనుక నుంచి ముందుకు చెయ్యి పోనివ్వండి. గరుకుగా అడ్డుపడాలి, పాదం కిందిచోట నున్నగా తగిలితే అది అరిగిపోయిన స్కిన్. జిగురులో కుక్క వెంట్రుకలు, గడ్డిపరకలు ఉన్నాయేమో చూడండి, కొద్దిగా ఉంటే ఏరుకోవచ్చు. రెండు స్కిన్లూ ఒకే పొడవు, ఒకే రకం అయి ఉండాలి. ఒకటి మోహెయిర్, ఒకటి నైలాన్ ఇస్తే ఒక కాలు జారి ఒక కాలు నిలుస్తుంది. మడిచి పెట్టుకునే సంచి కూడా అడిగి తీసుకోండి, సాధారణంగా దానికి వేరే డబ్బు అడగరు.